దొన తోడేసిన రోజు

కరువు మనుషులను దగ్గర చేస్తుందని రాసేవాళ్లున్నారు. వాళ్లెవరూ బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడినవాళ్లు కాదు. ఎనభై అయిదు ఎండాకాలంలో, రాయదుర్గం పక్కన ఒక పల్లెలో, ఊరంతటికీ ఒక్క బోరింగు మిగిలింది. కాసేపు కొడితే చాలు, ఆయాసపడి గాలి కక్కేది. గొడ్లకూ జీవాలకూ ఆ నీళ్లు పెట్టకూడదని ఊరు కట్టుబాటు చేసుకుంది. ఎద్దులున్నవాళ్లు వాటిని సంతకు తోలేశారు. తిమ్మమ్మ మాత్రం తన మేకలను అమ్మలేదు.

అమ్మలేదంటే మూగజీవాల మీద మమకారమని కాదు. ఆమె మొగుడు లింగప్ప బెంగుళూరు పక్క కట్టడం పనులకు పోయాడు. మొదట్లో ఉగాదికి వచ్చేవాడు, తర్వాత కబురు వచ్చేది, తర్వాత అదీ రాలేదు. ఉన్న చెక్క చేను వేసిన వేరుశనగ విత్తనాన్ని కూడా తిరిగి ఇవ్వలేదు. మేకలుంటే తిమ్మమ్మ ఒక ఇల్లున్న మనిషి. మేకలు పోతే రోడ్డు పక్కన కంకర కొట్టే మనిషి. కంకర అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. ఆమె తల్లి కంకర కొడుతూ, రాతి పెచ్చు తగిలి ఒక కన్ను పోగొట్టుకుంది. రెండో కన్నుతో ఇంకా కొన్నాళ్లు అదే పని చేసింది.

ఊరికి పడమర గద్దలకొండ. దాని నెత్తిన, బండ చీలికలో, వాననీళ్లు నిలిచే మడుగు ఒకటి ఉంది. అలాంటి మడుగును ఆ పక్క దొన అంటారు. పైన ఇంకో బండ చూరులా వాలి ఉండటం వల్ల దాని మీద ఎండ పడదు. ఒడ్డునే పసుపు పూసిన గుండు, అది వీరన్న దేవుడు. దొన ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. దోవ మాత్రం మరిచిపోయారు. ఒకప్పుడు ఇళ్ల కప్పులకు బోదగడ్డి కోసుకు రావడానికి ఎక్కేవాళ్లు. బోద ఎండిపోయాక ఎవరూ ఎక్కలేదు, కలబంద, ముళ్లకంప దోవను మింగేశాయి. లింగప్ప తాతల కాలం నుంచీ ఆ ఇంటివాళ్లు కరువొస్తే మేకలను అటే తోలేవాళ్లు కాబట్టి తిమ్మమ్మకు ఆ దోవ తెలుసు.

రోజు విడిచి రోజు ఆమె మేకలను పైకి తోలేది. పోయి రావడానికి ఒక పగలంతా పట్టేది. సంగటి ముద్ద కొంగున కట్టుకుని, సొరబుర్రలో నీళ్లు పోసుకుని చీకటితో బయలుదేరితే, బండ కాళ్లు కాల్చకముందే సగం కొండ ఎక్కొచ్చు. పైకి చేరాక మేకలను దొనలోకి దిగనిచ్చేది కాదు. రేకు డబ్బాతో తోడి, పక్కనున్న రాతిగుంటలో పోసి, వంతులవారీగా తాపేది. అడుగు కలకబారితే నీళ్లు పాడవుతాయని ఆమె భయం.

ఆ సంగతి ఊరికి ఎవరు చెప్తారు? ఒకరోజు బోరింగు దగ్గర పెద్దక్క అందరిముందూ అడిగింది.

"తిమ్మక్కా, నీ మేకలు దేవుని నీళ్లల్లో మూతి పెడ్తాండాయంట కదా. అందుకే వీరన్న మూతి ముడుచుకున్నాడంటాండారు."

"వీరన్నకు మూతి యాడుండాది పెద్దక్కా? గుండుకు పసుపు పూసినోళ్లం మనమే కదా," అంది తిమ్మమ్మ.

అక్కడున్నవాళ్లు నవ్వారు. సాయంత్రానికల్లా ఆ నవ్వు చెడిపోయింది. మరునాడు వరసలో పెట్టిన ఆమె బిందెను ఎవరో కాలితో వెనక్కి తోశారు. ఆ మరునాడు ఇంకా వెనక్కి. చివరికి బోరింగు గాలి కక్కే సమయానికి ఆమె వంతు వచ్చేలా సర్దుబాటు జరిగిపోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఊళ్లో మర్యాదస్తులు చేసే పని ఇలాగే ఉంటుంది.

అప్పుడు ఓబన్న వచ్చాడు. వీరన్న పూజారి, లింగప్పకు వరసకు మేనమామ. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడగకుండా నేరుగా విషయంలోకి వచ్చాడు. ఊరు వరదపాయసం పెట్టాలనుకుంటోంది. వానలు తప్పినప్పుడు కొండ మీద బెల్లపు పాయసం వండి, ఉత్త బండ మీద పోసి, మగవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని మోకాళ్ల మీద వంగి, గొడ్లలాగా నాకుతారు. మనుషులు అంత దిగజారితే దేవుడికి సిగ్గేసి వాన కురిపిస్తాడని లెక్క.

"కోడలా, దొనలో నీళ్లుండాయి కదా?"

"ఉండాయి మామా. అడుక్కు దిగినాయి."

"ఆ నీళ్లతోనే పాశెం వండల్ల. నువ్వు ముందు నడిచి దోవ చూపిస్తే సాలు."

"వండినాక మిగిలిన నీళ్ల కతేంది?"

"అది దేవుని దగ్గర మాట్లాడుకుందాం పా," అన్నాడు ఓబన్న.

దేవుని దగ్గర మాట్లాడుకోవడమంటే ఓబన్న ఒక్కడే మాట్లాడటమని తిమ్మమ్మకు తెలియనిది కాదు. కానీ కాదంటే బోరింగు దగ్గర తన బిందె ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. ఒప్పుకుంది.

తెల్లవారకముందే కదిలారు. బియ్యం మూట, బెల్లం, కట్టెలమోపు, రాగి హండా, కడవలు. తిమ్మమ్మ కొడవలితో కంప నరుకుతూ ముందు నడిచింది. మేకలు ఎక్కిన దోవ మనుషులకు సరిపోదు. కొంచెం దూరం పోగానే ముసలివాళ్లు కూలబడ్డారు. గుడ్డేలుగు తవ్విపోసిన పుట్ట కనపడేసరికి ఆడవాళ్లు పిల్లలను చంకనెత్తుకున్నారు. ఎండ ఎక్కేకొద్దీ మాటలు తగ్గిపోయాయి. హండా మోస్తున్న వీరప్ప మాత్రం నోరు మూయలేదు. వేరుశనగ పోయి, ఎద్దులు పోయి, ఇంక పోయేదేమీ లేని మనిషి కాబట్టి అతనికి ఎగతాళి మిగిలింది.

"ఏమప్పా ఓబన్నా, నీ దేవుడు కొంచెం కింద కూర్చోనుంటే ఏం పోయింది? ఈడిదాకా ఎక్కినోనికి మళ్లా కరువెందుకు, పానమే పోతాది."

దొనకు ముందు ఒక ఇరుకు సందు ఉంది, మనిషి పక్కకు తిరిగి దూరాలి. ఓబన్న పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. వీరప్ప వెనకనుంచి నెట్టాడు. అప్పుడు నవ్విందే ఆ రోజంతటికీ ఊరు నవ్విన నవ్వు.

సందు దాటగానే నీళ్లు కనపడ్డాయి. చూరు బండ కింద, చల్లగా, నల్లగా, కదలకుండా. ఒక్కసారిగా అందరూ వంగి తాగారు. తువాళ్లు ముంచుకుని మెడల మీద వేసుకున్నారు, పిల్లల తలలు తడిపారు. దేవుని నీళ్లలో మేకలు మూతి పెట్టాయని అన్న మూతులన్నీ అందులోనే ఉన్నాయి. తిమ్మమ్మ రాతిగుంటను ఓబన్నకు చూపించి, మేకలు తాగేది ఇక్కడ, దొనలో కాదు అని చెప్పింది. అతను తల ఊపాడు కానీ అటు చూడలేదు.

పాయసం ఉడికింది. ఓబన్న దానిని వీరన్న ముందు బండ మీద పోశాడు. మగవాళ్లు తువాళ్లతో చేతులు వెనక్కి కట్టించుకుని మోకరిల్లారు. పాయసం కాలుతోంది, దాని కింద బండ కాలుతోంది. నాలుక పెట్టి వెనక్కి లాక్కుని మళ్లీ పెట్టారు. ఆడవాళ్లు వాన పాటలు ఎత్తుకున్నారు, పాట గొంతులోనే పగిలింది. పెద్ద పెద్ద మనుషులు గడ్డాలకు బెల్లం కారుస్తూ బండ నాకుతుంటే తిమ్మమ్మకు మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

తువాళ్లు విప్పాక ఓబన్న లేచి నిలబడ్డాడు.

"ఇంక దొన తోడెయ్యల్ల. సుక్క ఉండగూడదు. సుక్కుంటే పైనోడు చూసి, వీళ్లకింకా ఉండాయి లే అని మొకం తిప్పుకుంటాడు."

"మామా, సగమన్నా ఇడుద్దాం," అంది తిమ్మమ్మ. "నా మేకలకు ఇంక యాడా లేవు."

"వానొస్తే నీ మేకలొకటేనా, ఊరే తాగుతాది. నీకు మేకలు కావల్నా, ఊరు కావల్నా?"

మేకలే అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఊరంతా ఆమెనే చూస్తోంది, మూతులకు బెల్లం ఆరిపోయి, కొట్టించుకున్న పిల్లల్లాగా. దోవ చూపినవాళ్లే మొదటి కడవ పొయ్యాలన్నారు. కడవ చేతికిచ్చారు. ఆమె ముంచింది, వీరన్న నెత్తిన పోసింది. పోసి, అందరిలాగే తలెత్తి ఆకాశం చూసింది. బలవంతం చేశారని తర్వాత చెప్పుకోవచ్చు, చెప్పుకుంది కూడా. కానీ ఆ పూట ఆమె కూడా నమ్మింది. అంత ఎండలో, అంత దూరం ఎక్కాక, నమ్మకపోవడానికి కూడా ఓపిక కావాలి.

తర్వాత కడవలు చేతులు మారాయి. చివరికి వీరప్ప దొనలోకి దిగి, అడుగున మిగిలిన తడిని తువాలుతో అద్ది పిండాడు. అప్పుడతను ఎగతాళి చేయలేదు. పోసిన నీళ్లు బండ మీద పారుతూ, అంచుకు చేరకముందే ఆరిపోయాయి.

దిగుతుంటే బళ్లారి దిక్కున మబ్బు పట్టింది, ఉరిమింది. జనం చేతులెత్తి మొక్కారు. మబ్బు అటునుంచి అటే పోయింది.

మేకలకు నీళ్ల రోజు వచ్చింది. తిమ్మమ్మ వాటిని దొడ్లోనే ఉంచి, కంప అడ్డం పెట్టి, తన వంతు నీళ్లలో సగం పంచింది. అది నాలుకలు తడవడానికి కూడా చాలలేదు. ఎక్కడన్నా కొంచెం పచ్చాకు దొరుకుతుందేమోనని ఆమె అటు పోయి వచ్చేసరికి కంప తోసేసి ఉంది. మేకలు లేవు. ఎటు పోయాయో వెతకనక్కరలేదు. వాటికి దోవ నేర్పింది ఆమే.

సొరబుర్ర తీసుకుని మిట్టమధ్యాహ్నం కొండెక్కింది. సందు దగ్గర ఒక మేకపిల్ల పడిపోయి ఉంది. దాటి వెళ్లింది. దొనలో కొన్ని మేకలు నిలబడి గోడలకు నాలుక రాస్తున్నాయి. తక్కినవి వీరన్న ముందు, పాయసం పోసిన చోట, మోకాళ్లు మడిచి బండను నాకుతున్నాయి. ఊరు నాకినట్టే, అదే చోట. బెల్లం దాహాన్ని ఇంకా పెంచుతుంది. పిలిస్తే రాలేదు. కొమ్ములు పట్టి లాగింది, నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి పోయాయి.

బుర్రలో ఉన్నది ఒక మేకకు సరిపోయే నీళ్లు. అన్నిటికీ చిలకరిస్తే అన్నీ చస్తాయి. నల్లచెవుల మేక చూలుతో ఉంది. తిమ్మమ్మ దాని మూతి పట్టి, మిగిలినవి చూస్తుండగా, బుర్ర మొత్తం దానికే తాపింది. దాన్ని మెడకు తాడేసి దింపింది. కొన్ని వెంట వచ్చాయి. రానివాటి అరుపులు సందు దాటేదాకా వినపడ్డాయి, ఆ తర్వాత కూడా వినపడినట్టే ఉంది. వెంట వచ్చినవాటిని మరునాడే కసాయి తోలుకుపోయాడు.

ఆమె కంకర పనికి పోయింది. నల్లచెవుల మేక ఈనింది, పిల్ల బతకలేదు. తల్లికి తిమ్మమ్మ తన బిందెలోంచే నీళ్లు పెట్టేది, కట్టుబాటుకు విరుద్ధంగా, వాకిట్లోనే, అందరూ చూస్తుండగా. ఎవరూ అడగలేదు. ఊరు సిగ్గుపడిందని అనుకోనక్కరలేదు. అడిగితే ఆమె ఏమంటుందోనని అడగలేదు, అంతే.

మరుసటి ఏడు పుబ్బ కార్తెలో వాన కురిసింది. వరదపాయసం ఫలించిందని ఊరంతా ఒక్కమాట మీద నిలిచింది. పాయసం వీరన్న గొంతు దిగడానికి ఏడాది దాటిందన్నమాట. నిండిన దొనను చూడటానికి జనం మళ్లీ ఎక్కారు, ఇప్పుడు దోవ అందరికీ తెలుసు. తిమ్మమ్మ పోలేదు.

సాయంత్రం ఓబన్న ఆమె వాకిట్లోకి వచ్చాడు. ఇత్తడి చెంబు నిండా దొన నీళ్లు, మీద తులసాకు. కంకర దుమ్ముతో అప్పుడే వచ్చిన తిమ్మమ్మ చేతులు కూడా కడుక్కోలేదు.

"దోవ చూపించిన మనిషివి నువ్వు. మొదటి తీర్థం నీకే తెచ్చినా," అన్నాడు.

ఆమె చెంబు అందుకుంది. తులసాకు తీసి పారేసింది. గుంజకు కట్టిన నల్లచెవుల మేక ముందు చెంబు పెట్టింది. మేక వాసన చూసింది, మూతి లోపలికంటా పెట్టి తాగింది. చెంబు అడుగు తగిలినా తల తీయలేదు.

ఓబన్న పోదామంటే చెంబు అతని ఇంటిది. తిమ్మమ్మ అరుగు మీద కూర్చుని వేళ్లలో ఇరుక్కున్న రాతి పెచ్చులు తీసుకుంటోంది. మేక తాగడం అయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.