అవ్వ బొట్టు, చిన్నమ్మ ప్రింటరు

ఫోనులో ఉన్న ఫొటో ఇంట్లోనే అచ్చయి చేతికొస్తుందనే వార్త నాకు మొదట తెచ్చింది మా తొరపాడి చిన్నమ్మ. అప్పట్లో మా గుడియాత్తంలో దేవుడి పటమైనా, పెద్దల పటమైనా బజారు నుంచే వచ్చి గోడకెక్కాలి. చిన్నమ్మ మాత్రం టిఫిను డబ్బా అంత ప్రింటరు పెట్టెను సంచిలోంచి తీసి, మూడు కాగితాలు చేతిలో పెట్టి, "దీనికొక యాప్ ఉండాది పాపా. ఫోన్లో ఏసుకో, బొమ్మ చూపించు, మిగతాదంతా అదే చూసుకుంటాది" అని చెప్పి వేలూరు బస్సుకు పరుగెత్తింది. (మిగతాదంతా అదే చూసుకుంది. మా కష్టమంతా అక్కడే వచ్చింది.)

మరుసటి రోజు మా అవ్వ పోయిన ఏడాదికి పెట్టే దివసం. ఫొటో స్టూడియో ఆయన కూతురి పెళ్ళికని తాళం వేసుకొని పోయాడు. పరదరామి నుంచి అవ్వ చెల్లెలు రావాలి. ఆమె ముందుగానే ఫోను చేసి, "పోయినసారి వచ్చినప్పుడే అడిగినాను. ఈసారన్నా మా అక్క ఫొటో ఉంటాదా, గోడకే దణ్ణం పెట్టుకోమంటారా?" అని చురక అంటించింది. అవ్వది మంచి ఫొటో ఒక్కటే ఉంది. మోర్ధానా ఆనకట్ట కాడ గాలికి కొంగు పట్టుకొని, రూపాయి బిళ్ళంత బొట్టుతో నవ్వుతూ ఉన్నది, నా ఫోనులో. చిన్నప్పుడు కాలు జబ్బు చేసి బడికి పోలేని నాకు పలక మీద తెలుగు దిద్దించిన మనిషి ఆమె. ఇంగ్లీషు అక్షరాలు నాయన నేర్పించాడు, ఆ పూట ఆయన దివసం సరుకులకని బజారుకు పోయాడు. ఇంట్లో ఆ అక్షరాలు కూడబలుక్కోగలిగింది నేనొక్కదాన్నే గనక, ఆ పెట్టెకు ఇంజనీరు ఉద్యోగం నాకే వచ్చింది.

దేవుడికి దణ్ణం పెట్టుకొని యాప్ తెరిచాను. తాత పక్కనే పీట వేసుకొని కూర్చున్నాడు. లుంగీల నూలుకు రంగులద్దడంలో తలపండిన మనిషి ఆయన. తెరవగానే అది మేమున్న చోటు తెలుసుకోవచ్చునా అని అడిగింది.

"ఏమంటాదమ్మా?"

"మనం యాడుండామని అడగతా ఉండాది తాతా."

"ఎదురుగానే ఉండాము కదా, కండ్లు కనబడవా దానికి? సరి, గుడియాత్తం అని చెప్పు. దాచిపెట్టేదేముండాది."

చెప్పాను. పెట్టె గుర్రుమంది. కాగితం లోపలికి పోయి, ఒట్టి పసుపు రంగులో బయటికి తొంగిచూసింది. ఆ పెట్టె రంగుకొకసారి కాగితాన్ని లోపలికి లాక్కొని, ఒకదాని మీద ఒకటి అద్దుతుందని మాకు తెలియదు. తాతకు తెలిసిందల్లా రంగు తొట్టి. తొట్టిలో నూలు వేస్తే మధ్యలో పైకెత్తి చాయ చూసుకోవాలి, లేకపోతే సరుకు పాడు. ఆయన చెయ్యి ఆయన్ను అడక్కుండానే పోయి కాగితాన్ని పట్టి లాగింది. పెట్టె కీచుమని ఆగిపోయింది.

"చాయ సరిగా పట్టలేదమ్మా, అంతా పసుపే" అన్నాడు, చేతిలో చిరిగిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ.

వంటింట్లోంచి మా అమ్మ, "మామా, అది తొట్టి కాదు, రాండి ఇట్లా!" అని అరిచింది.

ఇరుక్కున్న ముక్కను తీసి రెండో కాగితం పెట్టాను. ఈసారి ఇంకా బాగా రావాలని, యాప్‌లో అందంగా చేసే గుర్తు ఒకటి కనిపిస్తే దాన్నీ నొక్కాను. తాత చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. రంగులన్నీ దిగి ఫొటో వచ్చింది. ముడతల్లేవు. మచ్చల్లేవు. ముఖం వెన్నపూసలా ఉంది.

"ఎవురమ్మా ఈ పాప?" అన్నాడు తాత. తర్వాత కళ్ళు దగ్గర పెట్టుకొని చూసి, గొంతు మార్చి, "బొట్టేదమ్మా?" అన్నాడు.

నిజమే. ముఖం మీద మచ్చలు తుడుస్తూ తుడుస్తూ, అదీ ఒక మచ్చే అనుకొని బొట్టును కూడా తుడిచేసింది ఆ యాప్!

"నేనింకా పోలేదు కదమ్మా!" అన్నాడు తాత.

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "దానికేం తెలుసు మామా, మీరు దిట్టంగా ఉండారని? తెల్లారి ఎట్లాగూ కుంకం పెడతాం కదా, దాని మీదనే పెడదాంలే."

తాత నవ్వలేదు. "మనం పెట్టేది వేరేమ్మా. ఇది ఆమె పెట్టుకునింది. బొట్టుతో పోవాలని, దేవుణ్ణి అదొక్కటే అడిగింది. ఇచ్చినాడు. ఇప్పుడీ పెట్టె తీసేస్తే ఎట్లా?"

ఉన్నది ఒక్క కాగితం. నేను గంగమ్మ తల్లిని తలుచుకొని, యాప్‌లో ఉన్న ప్రతి మాటనూ అక్షరం అక్షరం చదువుకుంటూ పోయాను. అందం చేసే గుర్తును పట్టుకొని ఆర్పేశాను. ఫోను తెర మీద ముడతలు తిరిగొచ్చాయి, బొట్టు తిరిగొచ్చింది. ఆ ముడతలకు అంతగా సంతోషించిన ఆడపిల్ల మరొకతి ఉండదు.

ఆఖరి కాగితం పసుపుగా వచ్చింది. లోపలికి పోయి మళ్ళీ వచ్చింది. ఆ పసుపు మీద ఎరుపు దిగేసరికి, నుదుటి నడుమ గుండ్రంగా, నిండుగా అవ్వ బొట్టు కనిపించింది.

"వచ్చినాది" అని తాత పీట మీద కూలబడ్డాడు.

"ఉండు తాతా, జుట్టుకింకా నలుపు రాలేదు."

"చాలమ్మా. నాకు చాలు."

మరునాడు పరదరామి అవ్వ వచ్చి, పటం ముందు నిలబడి చాలాసేపు చూసింది. "పంటి సందు కూడా పడిందే మా అక్కకు!" అని నవ్వబోయి ఏడ్చింది. నేనేమో యంత్రాలన్నీ నాకు లొంగిపోయినట్టు వీధంతా చెప్పుకొని తిరిగాను. అలా తిరిగిన ఆ పిల్ల తలపుకొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. భగవంతుడు ఆ ఒక్క కాగితంతో ఎంత పెద్ద పని చేయించాడో ఆమెకు అప్పుడు తెలియదు.

తాత కూడా వెళ్ళిపోయాడు. ఎన్నిసార్లు అడిగినా "నాకెందుకమ్మా" అనేవాడే గాని, ఫొటోకు నిలబడిందే లేదు. ఆయనకు పటం లేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, గోళ్ళ సందుల్లో రంగు తొట్టి నీలం పోని ఒక ముసలాయన్ని ఒక్క క్షణం తలుచుకోండి.