ముట్టుకోకుండా చేసిన ప్రార్థన

సహోదరీ సహోదరులారా, ముందుగా ఒక ప్రశ్న అడగనివ్వండి. మనం ప్రేమతో రోగి మీద ఉంచే చేయి ఆ రోగికే ప్రమాదం తేగలదా? ఇది అవిశ్వాసంలోంచి పుట్టిన ప్రశ్న అని తోసివేయకండి. రాజమహేంద్రవరంలో ఒక ఆసుపత్రి మంచం మీద, నా కుడికాలు ఉంటుందో పోతుందో తెలియని దినాల్లో ఇది నాలో పుట్టింది.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, రావులపాలెం దగ్గర వర్షంలో ఆటో బోల్తాపడి నా కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు, త్వరలోనే ఇంటికి పంపిస్తామన్నారు, అమ్మ సంతోషంతో నా చెప్పులు కూడా సంచిలో సర్దేసింది. అంతలో జ్వరం వచ్చింది, కుట్ల మధ్య నుంచి చీము కారింది, ఒక మందు మార్చి మరొకటి, అదీ మార్చి ఇంకొకటి ఎక్కించారు, ఏదీ పనిచేయలేదు. నాకు అన్నం తినిపిస్తూ, ఆ వాసనకు ముఖం తిప్పుకోకుండా ఉండటానికి అమ్మ ఎంత కష్టపడేదో నేను చూస్తూనే ఉండేదాన్ని. ప్రభువా, అవి ఎంత చీకటి దినాలు!

చివరికి చీమును పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరు గారు మా మంచం దగ్గరకు వచ్చి దాపరికం లేకుండా చెప్పారు.

“ఈ క్రిములు మామూలు ఆంటిబయాటిక్‌లకి లొంగట్లేదమ్మా. అందరూ అవసరం ఉన్నా లేకపోయినా వాడేసి, కోర్సు మధ్యలో ఆపేసి వాటిని మొండిచేసేశారు. పనిచేసే మందు ఒక్కటి మిగిలింది. దానికీ తగ్గకపోతే మోకాలి పైదాకా కాలు తీసెయ్యాలి.”

“ఇది నాకెలా వచ్చిందండి?” అని అడిగాను.

“ఎక్కువగా చేతుల ద్వారానే. నా చేతులే కావచ్చు, కట్టు కట్టినవాళ్ళవి కావచ్చు, చూడ్డానికొచ్చినవాళ్ళవి కావచ్చు. ఫలానావాళ్ళని చెప్పలేనమ్మా.”

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా సంఘస్థులు ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వచ్చేవారు, సంఘపెద్ద దానియేలు గారు వార్డులో మొదటి మంచం నుంచి మొదలుపెట్టి, కులమూ మతమూ అడగకుండా ఒక్కొక్కరి మీద చేయి ఉంచి ప్రార్థించేవారు, షుగరు పుండుతో బాధపడుతున్న, వార్డులో అందరం మొగల్తూరు అమ్మమ్మ అని పిలిచే ముసలావిడ కట్టు మీద కూడా చేయి ఉంచేవారు, చివరగా నా దగ్గరకు వచ్చేవారు. నేను సంఘబిడ్డను కాబట్టి ఎక్కువసేపు ప్రార్థించాలని నన్ను ఆఖరున ఉంచేవారు! అందరినీ తాకిన చేతులు చివరికి నా గాయం మీదకు వచ్చేవి. వారి ప్రేమే ఆ క్రమాన్ని ఏర్పరచింది, ప్రమాదమూ ఆ క్రమంలోనే ఉంది.

ఆ ఆదివారం దానియేలు గారు నా కాలివైపు చేయి చాచగానే అన్నాను: “పెదనాన్న గారండీ, ఈరోజు నన్ను ముట్టుకోకండి.”

“ఏంటే ఆ మాట!” అని అమ్మ కసిరింది.

వెనక నుంచి ఒక సహోదరి, “కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచింది కదండీ, ఇక దేవుడితోనే పోటీ,” అని ఎత్తిపొడిచింది.

దానియేలు గారి ముఖం వాడిపోయింది. “నా చేతులు మైలంటావా రూతమ్మా?”

“మీ ప్రార్థన నాకు కావాలండి. కానీ ఆ చేతులు ఇప్పుడే అమ్మమ్మ పుండు మీంచి వచ్చాయి. డాక్టరు గారు చెప్పారు, ఇది చేతుల ద్వారానే పాకుతుందంట. సువార్తలో ఆ రోమా సైన్యాధికారి, శతాధిపతి దాసుణ్ణి ప్రభువు ముట్టుకునే బాగుచేశాడా అండి? ఆ ఇంటికి కూడా వెళ్ళకుండా మాటతోనే కదా?”

ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నారు. తరువాత, “అమ్మా, సబ్బుందా?” అని మా అమ్మను అడిగి, కుళాయి దగ్గరకు వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు. మంచం దగ్గరకు రాకుండా, నా కాళ్ళవైపు నిలబడి చేతులెత్తారు.

“తండ్రీ, నా చెయ్యి ఈ బిడ్డకి దూరంగా ఉంది, నీ చెయ్యి దూరం కాదు. ఈ కాలు నిలబెట్టు. వైద్యం చేసే చేతుల్నీ ప్రార్థన చేసే చేతుల్నీ నువ్వే కాపాడు నాయనా.”

ఆ ప్రార్థనలో అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తరువాత వచ్చిన దినాల్లో ఆ మిగిలిన ఒక్క మందే నరంలోకి ఎక్కుతూ వచ్చింది, నర్సు సిస్టర్లు చేతులు కడుక్కోకుండా కట్టు విప్పలేదు, జ్వరం మెల్లగా దిగింది, గాయం లోపలి నుంచి ఎర్రగా మానుతూ వచ్చింది. నా కాలు నిలిచింది. దేవునికే మహిమ! మోకాలు పూర్తిగా వంగదు గనుక ఆరాధనలో నేను మోకరించలేను, నిలబడే స్తుతిస్తాను.

మొగల్తూరు అమ్మమ్మ మాత్రం ఇంటికి వెళ్ళలేదు, ఆ వార్డులోనే కన్నుమూసింది. ఆ క్రిముల్ని ఆమె నుంచి మా సంఘస్థుల చేతులు నాకు తెచ్చాయో, నా నుంచి ఆమెకు మోశాయో, అసలు మా చేతులు కానే కాదో, నాకు తెలియదు. డాక్టరు గారికీ తెలియదు. తెలియకపోవడం మనకు సాకు కాకూడదు.

ప్రియులారా, ప్రార్థన ఆలకించే దేవుణ్ణి నమ్మండి. ఆయన ఇచ్చిన వైద్యాన్నీ బుద్ధినీ కూడా నమ్మండి. డాక్టరు రాయని ఆంటిబయాటిక్‌ను మందుల షాపులో అడిగి కొనకండి, రాసినదాన్ని మధ్యలో మానకండి. ఈ వారం మీలో ఎవరైనా ఆసుపత్రికి ప్రార్థనకు వెళుతుంటే ఒక సబ్బుబిళ్ళ వెంట తీసుకెళ్ళండి, ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్ళే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కోండి, గాయాన్నీ కట్టునూ ముట్టుకోకండి. మీ చేతులు కడుక్కున్నారా అని రోగి అడిగితే నొచ్చుకోకండి, వెళ్ళి కడుక్కుని రండి.