ఆరుకీ ఏడుకీ మధ్య ఇల్లు

శాంతాఫే నగర చరిత్రలో నమోదైన ఘట్టాలు చాలానే ఉన్నాయి. స్పెయిన్ వాళ్ళు వచ్చారు. అక్కడి మూలవాసులైన ప్యూబ్లో జనం తిరగబడి వాళ్ళను తరిమేశారు. కొన్నేళ్ళకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత అమెరికా సైన్యం ఒక్క తుపాకీ కూడా పేల్చకుండా వచ్చి జెండా ఎగరేసింది. ఇన్ని రాసుకున్న చరిత్రకారులు, ఎలిసేయో ఆర్చులేతా రోజూ పొద్దున్నే వీధి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇది విచారించదగ్గ లోపం. పైన చెప్పిన దండయాత్రలన్నీ కలిసి తెచ్చినవాళ్ళ కన్నా ఎక్కువమంది పరాయివాళ్ళను ఆ కుర్చీ చూసింది.

కుర్చీ వేయడానికో పద్ధతి ఉండేది. ముందు గుమ్మం ముందు నేల మీద నీళ్ళు చల్లాలి. వెనక కాళ్ళు రెండూ గోడను ఆనుకోవాలి, ముందు కాళ్ళు గాల్లో ఉండాలి. కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద ఉండాలి. ఇంత ఏర్పాటూ పూర్తయ్యేసరికి వీధి మొదట్లో మొదటి గుంపు కనపడేది. చేతిలో మడతల కాగితం, నెత్తిన టోపీ, కళ్ళు కాగితంలో.

ఆ కాగితాన్ని పాత కట్టడాల సంఘంవారు అచ్చేశారు. వెంట మనిషి అక్కర్లేదు, కాగితం చూసుకుంటూ ఎవరికి వారే ఊరంతా నడిచి చూడవచ్చు. చూడదగ్గ ప్రతి గోడకూ ఒక నంబరు పింగాణీ పలక అంటించారు. ఆరో నంబరు ఒక వర్తకుడి ఇల్లు. ఏడో నంబరు పూర్వం ఒక బిషప్పుగారి గుర్రాలు కట్టేసిన కొట్టం. ఈ రెండింటికీ మధ్య ఉన్నది ఎలిసేయో ఇల్లు. దానికి నంబరు లేదు.

“ఇది ఏడో నంబరేనాండీ?” అని అడిగేవారు.

“కాదు. ఇంకా ముందుకెళ్ళండి. నీలం తలుపు” అనేవాడు ఎలిసేయో.

వాళ్ళు థాంక్స్ చెప్పి, ఇంటి వంక ఒకసారి క్షమించినట్టు చూసి వెళ్ళిపోయేవారు.

“బిషప్పు గుర్రాలకు నంబరిచ్చారు, మనకివ్వలేదు. మనం కూడా నాలుగు రోజులు గడ్డి మేసి ఉంటే బాగుండేది” అనేది లోపలినుంచి ఆయన అక్క క్లోరిందా.

అక్కా తమ్ముళ్ళిద్దరూ ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళే. క్లోరిందా పెళ్ళి చేసుకోలేదు. ఎలిసేయో చేసుకున్నాడు, భార్య పోయాక అక్క పంచన చేరాడు. పాత యజమాని పెట్టిన షరతు ఒక్కటే: ఏటా గోడలకు మట్టి మెత్తాలి. ఇల్లు పచ్చి ఇటుకది. ఎండాకాలం మొదట్లో, సెయింట్ జాన్ పండగ రాకముందే, క్లోరిందా మట్టిలో గడ్డి తునకలు కలిపి కాళ్ళతో తొక్కి, అరచేత్తో గోడంతా మెత్తేది. ఆ ఊళ్ళో కట్టడం మగవాళ్ళ పని, మెత్తడం ఆడవాళ్ళ పని. దగ్గరగా వెళ్ళి చూస్తే ఆమె వేళ్ళ గుర్తులు గోడ మీద కనపడేవి. దగ్గరగా వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

ఇలా ఉండగా యజమాని పోయాడు. ఇంటిని వెనక వీధి హోటలువారు కొన్నారు. ఏడాది చివర్లో ఇల్లు పడగొట్టి కార్లు నిలిపే చోటు చేస్తామని హోటలు మేనేజరు వచ్చి ఎంతో మర్యాదగా చెప్పాడు. అంత మర్యాదగా చెప్పాడంటే ఇక మాట తిరగదని క్లోరిందాకు అప్పుడే అర్థమైంది. ఎలిసేయోకు అర్థం కాలేదు. ఆయనకు ఒక దారి తోచింది. సంఘంవారి నంబరున్న ఇంటిని ఎవరూ పడగొట్టకూడదని ఊరి నియమం. నంబరు పడితే ఆ గోడల మధ్యే కన్ను మూయవచ్చు.

ఎలిసేయో కోటు తొడుక్కుని సంఘం ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ మిసెస్ ఓస్ట్రాండర్ అనే ఆవిడ ఉండేది. తెల్లజుట్టు, మెళ్ళో పెద్ద పచ్చరాళ్ళ దండ. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

“కొత్తగా ఒక ఇల్లు చేర్చే ఆలోచనలోనే ఉన్నాం, ఎలిసేయో గారూ. వానలు వెళ్ళాక సెప్టెంబరులో వచ్చి చూస్తాను. బాగుంటే కమిటీలో పెడతాను.”

“బాగుంటే” అన్న మాట ఎలిసేయో మనసులో నాటుకుపోయింది.

ఆ సాయంత్రం పెరట్లో మంత్రాలోచన జరిగింది. హాజరైనవారు ముగ్గురు: ఎలిసేయో, క్లోరిందా, ఎదురింటి త్రాంకిలినో. త్రాంకిలినో కొడుకు జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకున్నది ఎలిసేయోనే కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు. త్రాంకిలినో జీవితమంతా తాపీ పని చేసి, ఇప్పుడు ఖాళీగా ఉండి, సలహాలిస్తున్నాడు.

“ఆవిడ వచ్చేసరికి ఇల్లు పెళ్ళికొడుకులా ఉండాలి” అన్నాడు ఎలిసేయో.

“అయితే నువ్వు బయట కూర్చోకు కొంపాద్రే” అన్నాడు త్రాంకిలినో.

“నా వల్ల కాదురా తమ్ముడూ. భుజం పైకి లేవడం లేదు. ఏటా మెత్తడం, ఏటా వాన కడిగేయడం. ఆ హోటలు చూడు, కట్టిందగ్గర్నించి ఎవరైనా చెయ్యి వేశారా దానిమీద?” అన్నది క్లోరిందా.

ఆమె అన్నది నిజం. హోటలు సిమెంటుతో కట్టి, మట్టిగోడలా కనపడాలని మట్టిరంగు వేసిన భవనం. దాని ముందు భాగానికి సంఘంవారి ఎనిమిదో నంబరు కూడా ఉంది.

“సిమెంటు పూసేద్దాం. కోళ్ళగూటి తీగ కొట్టి, పైన రెండు పూతలు. మన మనవల దాకా చూడక్కర్లేదు” అన్నాడు త్రాంకిలినో.

“నీకున్నారు మనవలు. మాకు సెప్టెంబరు దాకా ఆగితే చాలు” అన్నది క్లోరిందా.

సిమెంటు పూశారు. త్రాంకిలినో చేతిలో పనితనం ఇంకా ఉంది. గోడలు నున్నగా, మూలలు కత్తిలా వచ్చాయి. హోటలు రంగే వేశారు. క్లోరిందా వేళ్ళ గుర్తులన్నీ దాని కింద పూడిపోయాయి. భుజం నొప్పి తప్పినందుకు ఆమె దేవుడికి దండం పెట్టుకుంది.

జూలైలో వానలు మొదలయ్యాయి. చప్టా కప్పు మీది నీళ్ళను చెక్కదోనె బయటికి కుమ్మరించింది. దోనె మొదట్లో వెంట్రుకంత సందు ఉంది. అందులోంచి నీళ్ళు సిమెంటు వెనక్కి దిగాయి. మట్టి మెత్తు ఉన్న రోజుల్లో తడిసిన గోడ రెండు ఎండలకు ఆరిపోయేది. ఇప్పుడు ఆరడానికి దారి లేదు. బయటికి గోడ పెళ్ళికొడుకులాగే ఉంది. లోపల మాత్రం తాగుతూ కూర్చుంది.

ఆగస్టులో గోడ కింది భాగాన లోపలివైపు నల్లటి మరక కనపడింది. క్లోరిందా అక్కడున్న సెయింట్ ఇసిద్రో పటాన్ని తీసి ఇంకో గోడకు తగిలించింది.

“గోడ చెమరుస్తోందిరా.”

“నాకూ చెమటలు పడుతున్నాయి అక్కా. ఎండలు అలా ఉన్నాయి.”

సెప్టెంబరులో, వీధివీధినా పచ్చిమిరపకాయలు కాల్చే వాసన ఘాటుగా కమ్మేసిన ఒక పొద్దున, మిసెస్ ఓస్ట్రాండర్ వచ్చింది. ఎలిసేయో గడ్డం గీసుకున్నాడు. త్రాంకిలినో సృష్టికర్త హోదాలో గోడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ గోడ మీద వేలితో రెండుసార్లు కొట్టింది. ఆవిడ మొహం మారిపోయింది.

“దీని మీద మట్టి మెత్తు ఉండాలి కదా?”

“ఉందమ్మా. కిందుంది” అన్నాడు ఎలిసేయో గర్వంగా.

“అయ్యో. ఇప్పటికీ ఏటా చేత్తో మెత్తే ఇల్లు ఈ వీధిలో ఇదొక్కటే అని కమిటీకి చెప్పానండీ. అందుకనే మీది చేర్చాలనుకున్నాం.”

ఎలిసేయో వెనక వీధి వైపు చెయ్యి చూపించాడు. “మరి ఎనిమిదో నంబరు? ఆ హోటలంతా సిమెంటే కదమ్మా.”

“అది సిమెంటుగానే పుట్టింది, సిమెంటుగానే ఉంది” అన్నది ఆవిడ బాధగా. “మీది మట్టిగా పుట్టింది.”

చదువుకున్న మనిషి, నిజమే చెప్పింది.

“తీసేస్తే చూస్తారా?” అన్నాడు ఎలిసేయో.

“మంచు పడేలోగా తీస్తే మళ్ళీ కమిటీలో పెడతాను. కానీ తొందరపడకండి. మెల్లగా, కొంచెం కొంచెంగా, గోడ ఆరనిస్తూ...”

ఎలిసేయో “తీస్తే” దాకా విన్నాడు.

మర్నాడు పొద్దున్నే త్రాంకిలినో గునపం తెచ్చాడు. తీగను పట్టుకుని లాగితే సిమెంటు పెద్ద రేకులా ఊడొచ్చింది. దాని వెంట మెత్తు వచ్చింది. మెత్తు వెంట ఇటుకలు వచ్చాయి. అవి ఇటుకల్లా లేవు, రొట్టెల పిండిలా ఉన్నాయి.

“ఆపు కొంపాద్రే” అన్నాడు ఎలిసేయో.

“నేను ఎప్పుడో ఆపేశాను” అన్నాడు త్రాంకిలినో వెనక్కి నడుస్తూ. “అదే ఆపడం లేదు.”

గోడ కూలిందని వీధిలో చెప్పుకున్నారు కానీ చూసినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. గోడ కూర్చుంది. చాలాసేపు నిలబడి అలిసిపోయిన ముసలిదానిలా మెల్లగా ముందుకు వంగి, చతికిలబడింది. దాని వెంట కప్పు మూల ఒరిగింది. క్లోరిందా బీన్స్ గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. ఆరో నంబరు నుంచి వస్తున్న గుంపు ఆగి ఫోటోలు తీసుకుంది. ఆ ఇంటికి ఫోటో తీయడం అదే మొదలు.

మధ్యాహ్నానికల్లా హోటలు మేనేజరు వచ్చి, అంతే మర్యాదగా, పసుపు రిబ్బను కట్టించాడు. మిసెస్ ఓస్ట్రాండర్ గుమ్మడికాయ రొట్టె తెచ్చి ఇచ్చి, కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడుపు నిజమైనదే. రొట్టె కూడా బాగుంది.

అక్కా తమ్ముళ్ళు ఊరికి దక్షిణాన, ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కన మేనకోడలి రేకుల ఇంటికి మారారు. దానికి మెత్తే పని లేదు. క్లోరిందా చలికాలమంతా ఏమీ చేయకుండా కూర్చుంది. భుజం నొప్పి తగ్గలేదు.

వసంతంలో ఒకరోజు ఆమే అన్నది: “దారిలో మనిషి పోతే అక్కడ శిలువ పాతుతాం. అది పోయిన చోట కూడా ఒకటి పాతి రారా.”

“ఇంటికెవరైనా పాతుతారా అక్కా?”

“నంబరు ఇప్పించలేకపోయావు. ఇదైనా చెయ్యి.”

త్రాంకిలినో దేవదారు చెక్కతో శిలువ చేసి, కింది కొస చెక్కి మొనగా తీర్చాడు. అడ్డకర్ర మీద ఏం రాయాలో ముగ్గురూ చాలాసేపు వాదించుకుని, చివరికి ఏమీ రాయకుండా వదిలేశారు. క్లోరిందా ప్లాస్టిక్ గులాబీలు చుట్టింది. ఎలిసేయో చావులకు తొడిగే నల్లకోటు తొడుక్కుని, చేతిలో సుత్తి పట్టుకుని బస్సెక్కాడు. నడిబొడ్డున దిగి నడక మొదలుపెట్టాడు. ముందొక గుంపు, వెనకొక గుంపు, అందరి చేతుల్లో మడతల కాగితాలు. వాళ్ళ మధ్యలో భుజాన శిలువతో ఆయన నడుస్తుంటే గుడ్ ఫ్రైడే ఊరేగింపులా ఉంది. ఒకావిడ టోపీ తీసి పట్టుకుంది. ఇంకొకాయన కాగితం తిప్పి తిప్పి, ఇది ఎన్నో నంబరుదో అని వెతికాడు. ఎలిసేయో ఎవరి వంకా చూడకుండా ఆరో నంబరు దాటి వచ్చి ఆగాడు. వెనక గుంపు కూడా ఆగింది.

శిలువ దించి, మొన కిందికి తిప్పి పట్టుకుని, ఆయన అటూ ఇటూ చూశాడు.

అంతటా తారు పోసేశారు. దిగేయడానికి మట్టి లేదు.