మా అన్న మూలుగ

వదిన సీమంతానికి నగరిలో మా పుట్టింటికి పోయినప్పుడు గాజులామె నా చెయ్యి పిసికి పిసికి గాజులు ఎక్కించింది. తెల్లారేసరికి మణికట్టు మీద ఐదు వేళ్ళ అచ్చు నల్లగా కమిలింది. అమ్మ చూసి జాకెట్టు చేతులు పైకి జరిపితే భుజం మీద కూడా మచ్చలున్నాయి. గాజులామె వేళ్ళమ్మా అంటే ఎవరూ నమ్మలేదు. మొగుణ్ణి వెనకేసుకురావడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు అలవాటే కదా.

ఆ పూటే మా అన్న మరమగ్గాల షెడ్డులోంచి ఒక కర్ర తీసుకుని బంగారుపాళ్యం పోయాడు. మా ఆయన అక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. గేటు ముందే, తోటి పనివాళ్ళు చూస్తుండగా, దవడ విరిగేదాకా కొట్టాడు. కింద పడినా ఆపలేదట. కుడి చెవిలోంచి రక్తం కారింది. ఆ చెవి ఇప్పటికీ వినపడదు.

సంగతి తెలిసి నేను అన్న మీదికి పోయి అరుస్తుంటే ముక్కులోంచి రక్తం మొదలై ఆగలేదు. మా ఆయనను చేర్చిన తిరుపతి ఆసుపత్రికే నన్నూ తీసుకుపోయారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయనీ, అందుకే చెయ్యి తగిలితే చాలు కమిలిపోతోందనీ డాక్టరమ్మ చెప్పింది. అన్న తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

ఎముకల్లో మూలుగ ఎండిపోయి ప్లేట్‌లెట్లు తయారే కాకపోవడం ఒక జబ్బట. తయారైనవాటిని మన ఒళ్ళే చంపేయడం ఇంకొకటి. మొదటిదైతే తోడబుట్టినవాళ్ళ మూలుగ ఎక్కించాల్సి రావచ్చన్నారు. మూలుగ పరీక్షలో ఏదీ గట్టిగా తేలక, ఒక హార్మోను కొలవడానికి రక్తం బయటికి పంపారు. ప్లేట్‌లెట్లు తయారుచెయ్యమని మూలుగను పురమాయించేది ఆ హార్మోనే. ప్లేట్‌లెట్లూ, వాటిని కనే కణాలూ దాన్ని తాగేస్తాయి. మూలుగ ఎండితే తాగేవి ఉండవు కాబట్టి అది రక్తంలో పేరుకుపోతుంది. ఒళ్ళే చంపుతుంటే, చచ్చేలోపు అవి తాగేసే పోతాయి కాబట్టి పెద్దగా పెరగదు.

నా తోడబుట్టినవాడు అన్న ఒక్కడే. మా ఆయన దవడ విరగ్గొట్టినవాడి మూలుగతో బతకాలంటే ఒళ్ళు మండిపోయింది. చచ్చినా వద్దన్నాను.

తీగలతో బిగించిన దవడతో, పళ్ళ సందులోంచి మా ఆయన అన్నాడు, "నువ్వు బతకల్ల మే. వాడిదైనా సరే."

రిపోర్టు వచ్చింది. హార్మోను మామూలుగానే ఉంది. ఇది ఒళ్ళు చంపుకునే రకమే, మూలుగ అక్కర్లేదు, మాత్రలతో చూద్దామంది డాక్టరమ్మ.

వరండాలోకి వచ్చాక అన్న కళ్ళు తుడుచుకున్నాడు. "కావాలంటే ఇద్దామనే ఉంటి పాపా. దాంతోనన్నా సరిపోతాదనుకుంటి."

సరిపోతుందట. అందరి ముందూ చాచి కొట్టాను. మళ్ళీ కొట్టాను. వాడు కదల్లేదు.

సాయంత్రానికి నా అరచెయ్యి వంకాయ రంగుకు తిరిగింది. మా ఆయన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీన్ని మీవోళ్ళకు సూపించొద్దు మే," అన్నాడు. "మళ్ళా నన్నే కొడతారు."