వదినగారి బొట్టు

మా వదినగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంగరపు వేలితో నుదుటి బొట్టును మెల్లగా తాకి చూసుకునేవారు, ఉందో లేదో అన్నట్టు.

మా అన్నయ్య కుంపిణీ పల్టనులో సిపాయి. బర్మా దేశంలో రంగం యుద్ధానికి ఓడెక్కి వెళ్లాడు. తర్వాత ఏడాదికొకటి చొప్పున మూడు ఉత్తరాలు వచ్చాయి, నాలుగు మూలలా పసుపు పూసి. అన్నయ్యకు రాయడం రాదు. పల్టనులో ఎవరో రాసిపెడుతున్నారనుకున్నాం. పెరట్లో తాను నాటిన పనస కాసిందా అని ప్రతిసారీ అడిగేవాడు. మూడో ఉత్తరంలో వచ్చేస్తున్నానన్నాడు. రెండేళ్లు గడిచినా మనిషి రాలేదు. చివరికి వదినగారే పట్టుబట్టి, నన్ను తీసుకుని సఖినేటిపల్లి రేవు దాటి పల్టను కచేరీకి బయలుదేరారు.

గుమాస్తా దఫ్తరం తిరగేసి, పేరూ ఊరూ తండ్రి పేరూ రెండుసార్లు సరిచూశాడు.

"ఓడ దిగిన తొలి వానాకాలంలోనే జ్వరంతో పోయేడండి. తోటి సిపాయిలే దహనం చేసేరు."

మొదటి ఉత్తరం ఆ మరుసటి ఏడు వచ్చింది.

వదినగారు కొంగున ముడేసి తెచ్చిన మూడు ఉత్తరాలూ బల్ల మీద పెట్టారు. "అయితే ఇవి ఎవరు రాసేరండీ?"

గుమాస్తా వాటిని ముట్టుకోలేదు.

తిరుగు పడవలో, ఇంటికెళ్లాక జరిపించాల్సిన కర్మల గురించి నేను నసిగాను. ఆవిడ మా గట్టు వైపే చూస్తూ, వేలితో నుదురు తాకి చూసుకున్నారు.

"ఆయ్, అలాగే మరిదిగారూ. కానీ వస్తున్నానని రాసేడు కదా. ఆ వచ్చేవాడెవడో చూసేక తుడుచుకుంటాను."