దసరా నాడు నిల్స్ పెట్టిన నిమ్మకాయలు

కర్పూరం వాసన వస్తే మా అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. మొన్న లీక్స్‌లిప్‌లో అమ్మావాళ్లింటికి వెళ్లి, వంటింటి అలమరలో టీపొడి డబ్బా కోసం వెతుకుతుంటే కర్పూరం పొట్లం చేతికి తగిలింది. ఆ చల్లటి ఘాటు ముక్కుకి ఎక్కగానే ఇరవై ఆరేళ్లదాన్ని కాస్తా పదకొండేళ్ల పిల్లనైపోయి, అక్కడే నిలబడి పళ్లు నూరుకున్నాను. మధ్యలో కర్పూరం ఏం చేసిందే అంటుంది అమ్మ. చాలా చేసింది. చేసినవాళ్లని నేను మరిచిపోలేదు.

మా నాన్నది తెనాలి. కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికని నన్నూ అమ్మనీ తీసుకుని ఇక్కడికి, ఐర్లండ్‌కి వచ్చినప్పుడు నాకు నాలుగేళ్లు. అదే ఫ్యాక్టరీకి స్వీడన్ నుంచి వచ్చిన కుటుంబం మా వీధిలోనే, మూడిళ్ల అవతల ఉండేది. వాళ్లబ్బాయి నిల్స్‌దీ నాదీ ఒకటే ఈడు. వేసవి సెలవుల్లో ఎంతకీ పొద్దుగూకని ఆ సాయంత్రాలంతా మేమిద్దరం కాలవగట్టు మీద సైకిళ్లు తొక్కి, ఆగస్టు చివర ముళ్లపొదల్లో నల్లగా పండిన బ్లాక్‌బెర్రీలు చేతులు గీరుకుపోయేలా కోసుకు తిని, నాలుకలు ఊదారంగు తేలాక ఎవరిది ఎక్కువ నల్లగా ఉందో చూసుకుని, ఆకలేస్తే వాళ్లింట్లో దాల్చినచెక్క బన్నులు, మా ఇంట్లో కారప్పూస మేసేవాళ్లం. ఇంట్లో అందరూ నన్ను పిలిచినట్టే వాడూ నన్ను బుజ్జీ అనే పిలిచేవాడు.

కార్టింగ్ పిచ్చి మా వీధికి తెచ్చింది వాళ్ల నాన్నే. కార్ట్ అంటే పైకప్పూ తలుపులూ లేని చిన్న బండి, నేలకి జానెడు ఎత్తున కూర్చుని తోలాలి. నిల్స్ తోలడం చూసి నేనూ ఎక్కుతానని ఏడిస్తే, మా నాన్న పాత బండొకటి కొని షెడ్డులో పెట్టి, విప్పిన ప్రతి నట్టునీ ఇడ్లీరేకు గుంటల్లో వరసగా పెట్టుకుంటూ మళ్లీ బిగించాడు. ఆదివారాలు ఒకే వ్యానులో రెండు బండ్లూ ఎక్కించుకుని కిల్డేర్‌లోని ట్రాకుకి పోయేవాళ్లం. అక్కడి తడిసిన గడ్డి వాసన, పెట్రోలు వాసన, వానకోటు కింద చెమట వాసన, వ్యాను వెనక తలుపు తెరవగానే గుప్పుమనే పులిహోర పోపు, ఇవన్నీ కలిస్తే నా దృష్టిలో ఆదివారం.

బండ్లు తనిఖీ చేసే పెద్దాయన పేరు డెక్లన్. మా అమ్మకి అందరూ అన్నయ్యలే కాబట్టి నాకాయన డెక్లన్ అంకుల్. పులిహోర ప్లాస్టిక్ చెంచాతో తిని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు. రేసయ్యాక ప్రతి బండినీ, తోలినవాళ్లని హెల్మెట్‌తో సహా అందులోనే కూర్చోబెట్టి, తూకం వేయాలి. ఉండాల్సిన దానికంటే తగ్గితే ఆ రేసు పోయినట్టే. అందుకని తూకం మీదికి ఎక్కే ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ ఆయన ఆపి, హెల్మెట్ ఉందా, గ్లవ్స్ ఉన్నాయా అని అడిగేవాడు. అడగాలని నియమం ఏమీ లేదు. అది ఆయన మంచితనం.

నాకు పదకొండో ఏట ఆ సీజన్ చివరి రేసు దసరా వారంలోనే పడింది. పాయింట్లలో నేను మొదట ఉన్నాను, నిల్స్ రెండు. గెలిచినవాళ్లకి ఇంగ్లండ్‌లో ఒక జూనియర్ జట్టు ఖర్చంతా పెట్టుకుని, ఒక్క సీటుండే అసలైన రేసుకారు తోలడం నేర్పుతుందన్నారు. మా నాన్న ఆ చివరి రేసుకని కొత్త టైర్లు తెచ్చాడు. పండగనాడు అమ్మ గారెలూ బూరెలూ చేసి, ఇంటిముందు సిమెంటు మీద కార్ట్ పెట్టించి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, ఆయుధపూజ చేసింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఎవరు పెడతారంటే నేనంటే నేనని మేమిద్దరం కొట్టుకున్నాం. అతిథి కదా పోనీలే అని అమ్మ వాడికే ఇచ్చింది. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఎంతో శ్రద్ధగా పెట్టాడు. నేను బండి కదిపితే కాయలు చిట్లి రసం టైర్లకి పట్టింది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి, గారె కొరుకుతూ, ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. తరవాత అమ్మ టైర్లు విప్పించి నల్ల సంచిలో పెట్టించి, రేసుదాకా దేవుడి వాసన పోకూడదని గుప్పెడు కర్పూరం బిళ్లలు అందులో పోసి మూతి కట్టేసింది. ఆ సంచి మూతి తెరిచి పట్టుకున్నదీ నిల్సే.

రేసు నేను గెలిచాను. ఆ ఆనందం ఎంతసేపనుకున్నారు? హెల్మెట్ తీసి జడ సర్దుకునేంతసేపు. నా టైర్లకి మందు పూశారని ఎవరో ఫిర్యాదు చేశారట. రబ్బరుకి రసాయనం పట్టిస్తే మెత్తబడి నేలని బాగా పట్టుకుంటుంది, అలా మోసం చేసేవాళ్లున్నారు కాబట్టి వాసన పట్టే చిన్న యంత్రం ఒకటుంటుంది. డెక్లన్ అంకుల్ దాన్ని నా టైరు దగ్గర పెట్టగానే కర్పూరం ఘాటుకి అంకె పైపైకి పోయింది. ఆయన మొహం చిన్నబోయింది. ఫిర్యాదు కాగితం మీద సంతకం నిల్స్ వాళ్ల నాన్నది.

చిన్న గదిలో ముగ్గురు పెద్దమనుషుల ముందు మా నాన్న నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో పాతికమందికి పాఠాలు చెప్పే మనిషి, ఆ రోజు ఇంగ్లీషంతా మరిచిపోయినవాడిలా, దేవుడికండీ, దేవుడికండీ అని మాత్రం అనగలిగాడు. ఈ పూజ ఇంకెవరైనా చూశారా అని వాళ్లడిగారు. నేను నిల్స్ వైపు చూశాను. వాడి భుజం మీద వాళ్ల నాన్న చెయ్యి ఉంది. వాడు బూట్ల వైపు చూస్తూ నోరు మెదపలేదు. నా గెలుపు కొట్టేశారు. ఏడాదిపాటు నన్ను ట్రాకు మీదికి రానివ్వలేదు. మా నాన్న ఆ వారంలోనే బండి అమ్మేశాడు, ఇడ్లీరేకులు తోమి అమ్మకి ఇచ్చేశాడు. ఇంగ్లండ్ సీటు రెండోవాడికి పోయింది.

ఆ సీటు నాది. ఇప్పటికీ అదే అంటాను. నిల్స్ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా, వాడు ఎక్కిన ప్రతి మెట్టూ నాకు తెలుసు. పదిహేనో ఏట స్వీడన్‌లో, ఆ రేసుకార్లలో మొదటి మెట్టైన ఫార్ములా ఫోర్, తరవాత ఇంగ్లండ్‌లో అదే తరగతి రెండేళ్లు, ఒకసారి వానలో అందరికంటే ముందు, చాలాసార్లు కంకరలో చక్రాలు కూరుకుపోయి, ఆ తరవాత ఫార్ములా త్రీకి కింది మెట్టు. ఆదివారం మధ్యాహ్నాలు నేనూ నాన్నా సోఫాలో పక్కపక్కన కూర్చుని వాడి రేసులు చూసేవాళ్లం. వాడి బండి గోడకి తగిలితే నేను చప్పట్లు కొట్టేదాన్ని. నాన్న లేచి కెటిల్ పెట్టడానికి పోయేవాడు. ఆయనా నాలాగే లోలోపల సంబరపడుతున్నాడనీ, పెద్దమనిషి కాబట్టి బయటపడట్లేదనీ అనుకునేదాన్ని.

ఏడాది నిషేధం తీరాక కూడా నేను తోలలేదు. పదహారో ఏట డెక్లన్ అంకుల్ దగ్గరకి వెళ్లి తనిఖీ పని నేర్పమన్నాను. ఆయన పాపం ఎంతో సంతోషించి, కొలబద్దలు పట్టడం నుంచి తూకం సరిచూడటం దాకా అన్నీ నేర్పాడు. ఎందుకు నేర్చుకుంటున్నానో ఆయనకి చెప్పలేదు. ఎప్పుడో ఒకప్పుడు వాడు నా ముందుకు వస్తాడని ఐదేళ్లు వానలో నిలబడ్డాను.

వచ్చాడు. నాకు ఇరవై ఒకటో ఏట ఆ పోటీల చివరి రౌండు ఐర్లండ్‌లో పెట్టారు. అందులో మొదటి ముగ్గురిలో ఉంటే నిల్స్‌ని ఫార్ములా త్రీ జట్టు తీసుకుంటుందని టీవీలోనే చెప్పారు. మూడోవాడిగా వచ్చాడు. తూకం దగ్గరికి తోలుకొస్తూ, కంచె పక్కన ఆగి, హెల్మెట్ తీసి వాళ్ల నాన్న చేతికిచ్చి కౌగలించుకున్నాడు. ఆ రోజు తూకం నా చేతిలో ఉంది. హెల్మెట్ ఎక్కడుందో నాకు కనిపిస్తూనే ఉంది. వాళ్ల నాన్న దాన్ని చంటిబిడ్డలా చంకనేసుకుని నిలబడ్డాడు. అడగడానికి ఎంతసేపు? నేను అడగలేదు. మీట నొక్కాను. అరకిలో పైచిలుకు తక్కువ. తూకం చీటీ అచ్చయితే ఇక మార్చేది లేదు.

చీటీ అందుకుంటూ తలెత్తి చూసి వాడు నన్ను గుర్తుపట్టాడు. "బుజ్జీ? నువ్వేనా?" అన్నాడు ఇంగ్లీషులో. వాడి కళ్లలో ఒక్క క్షణం నిజంగానే సంతోషం కనిపించింది, చీటీలో అంకె ఇంకా చూడలేదు కదా. ఇక్కడ సంతకం పెట్టు అన్నాను. ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను! పదేళ్లుగా గుండెల్లో ఉన్న బండరాయి దిగి వాడి గుండెల మీద కూర్చున్నట్టుంది. ఇంటికి దారంతా పాటలు పాడుకుంటూ వచ్చాను.

నాన్న టీవీ ముందే ఉన్నాడు. చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"చూశానమ్మా. హెల్మెట్ వాళ్ల నాన్న దగ్గరుంది. టీవీలో నాకే కనపడిందే, నీకు కనపళ్లేదా?"

"కనపడింది నాన్నా."

నాన్న టీవీ కట్టేశాడు. ఆ తరవాత, "నీ చేత తోలించలేకపోయాను. ఆ పిల్లాడన్నా పైకి పోతే కళ్లారా చూద్దామని ఇన్నేళ్లూ కూచున్నానే," అన్నాడు. "ఆ రోజు వాడికి పదకొండేళ్లమ్మా. నీకిప్పుడెన్ని?"

ఆ కార్ట్ ట్రాకు ఇప్పుడు లేదు, ఆ నేల మీద వరసగా ఇళ్లు లేచాయి. డెక్లన్ అంకుల్ పోయాడు. నిల్స్‌ని ఏ జట్టూ తీసుకోలేదు, స్వీడన్‌లో ఎక్కడో పిల్లలకి కార్టింగ్ నేర్పుతున్నాడట. మొన్న ఆదివారం టీవీలో రేసు వస్తుంటే, నాన్నా, వచ్చి కూర్చోవా అని పిలిచాను. గడ్డి కొయ్యాలమ్మా అన్నాడు. బయట వాన పడుతోంది. కోటు వేసుకుని వెళ్లి తడిగడ్డిలో మిషన్ తోస్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంకోసారి ఆ తూకం దగ్గర నిలబెట్టినా నేను హెల్మెట్ అడగను. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే నా పక్కన కూర్చోడు.