నోరెండిన క్లారినెట్

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు కలిపి చూస్తె బ్యాండ్ మాస్టర్లకు కొదువ లేదు. కానీ పెండ్లికొడుకును పూలకారుల కూసోవెట్టి, బాజాలు కొట్టుకుంట తీస్కపోయి, కుటుంబ నియంత్రణ క్యాంపు ముంగట దింపినోణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇప్పుడైతె నేను గూడ నవ్వుతాన్న. చాయ్ రానీయండ్రి, మొదటి నుంచి చెప్త.

నా కడుపుల మంట ఇయ్యాలటిది కాదు. క్లారినెట్ ఊదేటోని బతుకే గట్ల. పెండ్లిల పప్పన్నం తిన్నంక చెయ్యి కడుక్కునుడే ఆలస్యం, పొట్ట బిగవట్టి ఊదాలె. తిన్నదంత పుల్లగ గొంతులకు తన్నుకొచ్చేది. హనుమకొండల కడుపు డాక్టర్ సిమెటిడిన్ అని ఒక గోలీ రాసిండు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. మూడేండ్లు తిన్న. తినంగ తినంగ అది మందన్న సోయి గూడ పోయింది.

ఇగ ఆ పెండ్లికి ముందటి వానకాలంల ఇంకోటి మీద వడ్డది. ఎందుకొచ్చిందంటె నాకే తెలువది. ఇంట్ల చావు లేదు, ఎవలతోని కొట్లాట లేదు. ఒకనాడు పొద్దుగాల క్లారినెట్ పెట్టె తెరువబుద్ధి కాలే. తెల్లారి గూడ కాలే. అట్ల రెండు నెలలు. నిద్ర లేదు, ముద్ద దిగదు, గోడ దిక్కు మొఖం పెట్టి పండుడే. తిండి తగ్గేసరికి మంట గూడ తగ్గింది, కడుపు గోలీ దానంతట అదే బందైంది. అడిగినోళ్ళకు నా పెండ్లాం శాంతమ్మ నాకు పచ్చకామెర్లు అని చెప్పేది. పక్కింటోళ్ళు పాపం చెరుకురసం పంపేది. నేను సిగ్గుతోని తాగేది.

ఆఖరికి శాంతమ్మనే నన్ను వరంగల్ల మనసు డాక్టర్ దగ్గరికి తోల్కపోయింది. నన్ను ఎవలన్న గుర్తువడుతరని రుమాలు మూతికి కట్టుకొని పోయిన. ఆయన నిమ్మళంగ అంత విన్నడు. వేరే మందులేమన్న వాడుతానవా అని అడిగిండు, లేదన్న. అప్పుడది నిజమే. ఇమిప్రమిన్ అని గోలీ ఇచ్చి, మెల్లమెల్లగ పని చేస్తది, నోరు జర ఎండుతది, ఎండినా మానొద్దన్నడు.

నెల దాటినంక ఒకపొద్దు వంటింట్ల ఇత్తడి తాంబాళం కిందవడ్డది. ఆ మోత ఏ సురానికి కలుస్తదో అని మంచంలనే సన్నగ కూనిరాగం తీసి లెక్క కట్టిన. శాంతమ్మ తాంబాళం పట్టుకొని గడప మీదనే నిలవడి, "మల్లొకపాలి పడేయాల్నా?" అనడిగింది. నేను బాగైన రోజు అదే అని ఇద్దరికీ తెలుసు.

ఇగ మనసు బాగైతె ఆకలైతది కదా. చౌరస్తల మిర్చిలు, ఆదివారం మాంసం, రెండు నెలల బాకీ అంత తీర్సుకున్న. మంట మల్ల లేచింది. అల్మారిల పాత గోలీలు ఉండనే ఉన్నయి. అడుగుడు ఎందుకని పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి మొదలువెట్టిన. పెండ్లికి అప్పటికి పదిరోజులున్నది.

ఆ పెండ్లి మామూలుది కాదు. పిలగాడు నర్సంపేటల పత్తి యాపారం చేసే లక్ష్మయ్య సేటు కొడుకు, పిల్ల హనుమకొండ. మాస్టర్ పని అయిపోయిందంటాండ్రని సేటు చెవులదాక పోయింది. అయినా ఆయన బయానా పైసలు వేరేటోళ్ళకియ్యలే. నేను బాగైనంక ఊదే మొదటి పెద్ద ఊరేగింపు. ఎర్రకోటు ఇస్త్రీ చేపిచ్చిన, గుండీలు తోమిన, మా పదిమందిని మూడుదినాలు కూసోవెట్టి పాటలు సాధన చేపిచ్చిన.

ఆ వారం నోరు ఎండుడు ఎక్కువైంది. గుండె దడదడ అంటాంది, నడిస్తె నిద్ర ముంచుకొస్తాంది, దగ్గరిది మసకమసకగ కనవడుతాంది. మస్తు దినాలకు ఊదుతాన్న కదా, బుగులు అయ్యుంటదని నేననుకున్న. మా బామ్మర్ది ఇన్నయ్య, మా బ్యాండ్ల ట్రంపెట్ ఊదుతడు, బావా దవాఖానకు పోదాం పా అంటె, కళాకారునికి ఇవన్ని ఉంటయిరా అని గర్వంగ చెప్పిన.

పెండ్లినాడు పొద్దుగాల తొమ్మిదింటికి విడిదింటి ముంగట ఎత్తుకున్నం. క్లారినెట్ మూతికాడ సన్నటి వెదురురెబ్బ అసొంటి రీడ్ ఉంటది. అది ఉమ్మితోని నానితెనే పలుకుతది. నా నోట్ల ఉమ్మి చుక్క లేదాయె. మొదటి సురానికే తలుపు బందు కిర్రుమన్నట్టు వచ్చింది. కారుల పిలగాడు ఉలిక్కిపడ్డడు. లక్ష్మయ్య సేటు సోడా తెప్పిచ్చిండు. సగం తాగిన, సగంల రీడ్ ముంచిన. నాలుగడుగులు బాగ పలికింది, మల్ల కిర్రు. మల్ల సోడా. చౌరస్తా చేరేలోపట నాలుగు సీసలైనయి.

అప్పటికి నాకు ఎండల కండ్లు నిలుస్తలేవు. కండ్లు మూసుకొని ఊదుతాన్న. మనిషెంత లీనమై ఊదుతాండో సూడుండ్రని ఎన్కనుంచి ఎవలో అంటాండ్రు. నిజానికి నేను సగం నిద్రల ఉన్న. చౌరస్తకాడ మండపానికి కుడికి మళ్ళాలె. నేను ఎడమకు మళ్ళిన. సేటు వాళ్ళకు హనుమకొండ తొవ్వలు తెలువయి, బ్యాండ్ ఎటు పోతె అటే. ఇన్నయ్యేమో నాకు దగ్గర తొవ్వేదో ఎర్కున్నదనుకున్నడు.

కొంచెం దూరం పోయినంక మసకల షామియానా కనవడ్డది. మైకుల ఎవలో మాట్లాడుతాండ్రు, ఆడోళ్ళు వరుసగ నిలవడ్డరు. హారతులు పట్టుకొని ఎదురు రానికె నిలవడ్డరనుకొని, ఉన్న ఊపిరంత పెట్టి పెద్ద పాట ఎత్తుకున్న. డ్రమ్ములోళ్ళు ఇరగ్గొట్టిండ్రు. పూలకారు సక్కగ వచ్చి గేటుకాడ ఆగింది.

చేతుల రిజిస్టర్‌తోని ఒకాయన ఎదురొచ్చిండు. కారుల ఉన్నాయనను సూసి, పేరు ఏంది, పిల్లలెంతమంది అనడిగిండు. ఇంకా పెండ్లే కాలేదని పిలగాడు నోట్లెనే గొణిగిండు. రిజిస్టరాయన పెన్నుకు టోపి పెట్టి, గిట్లయితె మేమేం చేస్తమయ్యా అన్నడు. అప్పుడు చూసిన నేను, గేటుకాడ ఆగిన జీపు మీద కుటుంబ నియంత్రణోళ్ళ ఎర్ర త్రికోణం.

చెప్తె నమ్మరు, అక్కడ మొదట నవ్వింది ఆ వరుసల నిలవడ్డ ఆడోళ్ళు. తర్వాత మా డ్రమ్ములోళ్ళు. నేను ఏదో అనబోయిన, నాలుక అంగిట్లకు అతుక్కపోయింది, కాళ్ళు తేలిపోయినయి. ఇన్నయ్య పట్టుకోకపోతె క్లారినెట్‌తోని సహా కిందవడుతుంటి.

మోత విని షామియానాలకెల్లి ఒక డాక్టరమ్మ బయటికొచ్చింది. తిడుతదేమో అనుకున్న. నన్ను కుర్చీల కూసోవెట్టి, నాడి పట్టి, కనురెప్పలు లేపి సూసింది. ఏం గోలీలు తింటున్నవని అడిగింది. ఏం లేవన్న. చుట్టూర సేటు, ఆయన చుట్టాలు, నా పదిమంది మనుషులున్నరు. ఆమె చెయ్యి ఇడువలే. మల్ల అడిగింది, అంతే మెల్లగ.

నేను తల దించుకున్న. ఇంకెన్ని దినాలు ఆ చెరుకురసం తాగాలె అనిపిచ్చింది.

"మనసుకు గోలీలు తింటాన్న డాక్టరమ్మా," అన్న. "మూడు నెలలైంది. నాకు కామెర్లు కాలే."

ఇంకేమన్న తింటున్నవా అని డాక్టరమ్మ అడిగితె లేదన్న. ఇన్నయ్య గొంతు సవరిచ్చుకున్నడు.

"బావా, మరి కడుపు గోలీ?"

అది మందేందిరా, రోజు తినేదే కదా అన్న. డాక్టరమ్మ ఇడమర్చి చెప్పింది. ఈ కడుపు గోలీ ఉన్నది సూడు, మనసు గోలీని పెయ్యిలకెల్లి తొందరగ బయటికి పోనియ్యదట. నిన్నటిది పోకముందే ఇయ్యాలటిది వచ్చి కూసుంటది. నువ్వు తినేది ఒకటే, పెయ్యికి పడేది రెండు. అందుకే నోరు, గుండె, కండ్లు అన్ని గిట్లైనయన్నది. మనసు గోలీ నీ అంతట నువ్వు మానకు, మంచిగైనవు దానితోనే, కడుపు గోలీ మాత్రం ఆపి ఇయ్యాలనే మీ డాక్టర్‌కు చూపియ్యమని చీటి రాసిచ్చింది.

లక్ష్మయ్య సేటు గడియారం సూసుకుంటాండు. ముహూర్తానికి ఇంకా అరగంట ఉన్నది. ఆయన నా దగ్గరికొచ్చి వంగి, నాకు మాత్రమే ఇనవడేటట్టు అన్నడు.

"మా తమ్మునికి గూడ ఈ గోలీలే కావాల్సి ఉండె మాస్టరు. మేము సిగ్గువడి డాక్టర్ కాడికి తీస్కపోలే."

ఆయనే నా జబ్బ పట్టి లేపి, పూలకారుల, పెండ్లికొడుకు పక్కన కూసోవెట్టిండు. ఇన్నయ్య ట్రంపెట్ ఎత్తుకొని ముంగట నడిసిండు. ఎర్రకోటుతోని, మల్లెపూల నడుమ కూసోని నేను మండపానికి పోయిన. పిల్ల తరపు ఒక ముసలామె ముందుగాల నాకే హారతి పట్టింది. నేను గూడ వద్దనలే.

ఆ మాపటికే మనసు డాక్టర్ కాడికి పోయినం. ఆయన తిట్టిండు, మోతాదు సరిచేసిండు, కడుపు డాక్టర్‌తోని మాట్లాడి, రానిటిడిన్ అని కొత్తగొచ్చిన వేరే గోలీ ఇప్పిచ్చిండు. వారం తిరిగేలోపట నోట్ల ఉమ్మి ఊరింది. ఎవలన్న ఉమ్మి ఊరిందని ఇరుగుపొరుగుకు చెప్పుకుంటరా? నేను చెప్పుకున్న. కామెర్ల కథ గూడ చెప్పేసిన. తర్వాత ముగ్గురు మా ఇంటికొచ్చి మెల్లగ ఆ డాక్టర్ అడ్రసు అడుక్కపోయిండ్రు. వాళ్ళ పేర్లు నన్ను అడగకుండ్రి. రుమాలు కట్టుకునుడు అవసరం లేదని మాత్రం ముగ్గురికీ చెప్పిన.

ఇగ మొన్న ఆదివారం నర్సంపేట నుంచి లక్ష్మయ్య సేటు మల్ల పిలిచిండు. కొడుక్కు కవలలు, ఇద్దరు ఆడపిల్లలు, తొట్టెల ఫంక్షన్. గంటన్నర ఊదిన, ఒక్క కిర్రు లేదు. అందరు మెచ్చుకుంటాంటె ఛాతి ఉబ్బిచ్చి నిలవడ్డ. రెండు తొట్టెల నడుమ కండ్లు గుంటలువడి, నిద్ర లేక తూలుతున్న కొడుకును చూపిచ్చి సేటు అందరి ముంగట అన్నడు:

"మాస్టరు ఆనాడే మావోణ్ణి సక్కటి జాగకు తోల్కపోయిండు. మావోడే ఇనలే."